పాత లారీకి ఇంజన్ పని చేయించాలా, అమ్మేసి కొత్త బండి తీసుకోవాలా?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. నాన్నగారు నడిపిన 2012 మోడల్ పది టైర్ల టాటా 2518 ఇంట్లో ఉంది, దాని మీద అప్పు లేదు. ఇప్పుడు వెయ్యి కిలోమీటర్లకు మూడు లీటర్ల ఇంజన్ ఆయిల్ తాగుతోంది, ఎత్తులో లాగడం లేదు. మీరు హాలియాలో ఉంటూ మఠంపల్లి, వాడపల్లి వైపు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాదుకు సిమెంటు, నెలకు ఒకటి రెండు సార్లు మిర్యాలగూడ మిల్లుల నుంచి తమిళనాడుకు బియ్యం తోలుతున్నారు. చేతిలో ఏడు లక్షలున్నాయి. షెడ్డులో ఇంజన్ దించి, విప్పి బాగు చేయాలంటున్నారు, షోరూంలో ఆ డబ్బు ముందు కట్టి కొత్త బండి తీసుకుపొమ్మంటున్నారు.

ఇప్పుడు కొత్త బండి తీసుకోవద్దు. ఉన్న బండికి అవసరమైనంత పని మాత్రమే చేయించి, 2027 వరకు దానితోనే నడిపించండి. ఆ గడువు ఎందుకో కింద చెబుతాను. అయితే మీరు రాసిన లైను మారిపోయి నెలకు ఎనిమిది, తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగే పని దొరికితే నా సమాధానం తలకిందులవుతుంది. ఆ రోజు పాత బండిని పట్టుకుని వేలాడవద్దనే చెబుతాను.

నేను 1998లో సూర్యాపేటలో క్లీనరుగా బండెక్కాను, పదకొండేళ్లు స్టీరింగ్ పట్టాను. ఇప్పుడు నల్లగొండలో నాకు నాలుగు బండ్లున్నాయి. మూడు పాతవి, ఒకటి 2021లో కొన్న బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండి. పాతవాటి మీద ప్రేమతోనో, కొత్తదాని మీద కోపంతోనో ఇది రాయడం లేదు. నాలుగూ నాకు తిండి పెడుతున్నాయి, నాలుగూ ఎప్పుడో ఒకప్పుడు నన్ను రోడ్డు మీద నిలబెట్టాయి.

ముందు డీజిల్ లెక్క చూద్దాం. లోడు, ఖాళీ కలిపి నా పాత 2518 సగటున లీటరుకు మూడున్నర కిలోమీటర్లు ఇస్తుంది, కొత్త బండి 4.2 ఇస్తుంది. నెలకు 6,000 కిలోమీటర్లు తిరిగితే పాతదానికి సుమారు 1,714 లీటర్లు, కొత్తదానికి 1,429 లీటర్లు పడతాయి. తేడా 285 లీటర్లు, లీటరు 95 రూపాయల చొప్పున 27 వేలు. అందులోంచి పొగను శుద్ధి చేయడానికి కొత్త బండికి పోసే డీఈఎఫ్ అనే యూరియా నీటి ఖర్చు తీసేయాలి. నా బండికి అది డీజిల్‌లో ఐదు శాతం దాకా పడుతుంది కాబట్టి నెలకు నాలుగు వేలు అనుకోండి. మిగిలేది 23 వేలు. ఇక 30 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అయితే నెల కిస్తీ దాదాపు 63,700 రూపాయలు.

మిగిలిన 40 వేలు ఎక్కడి నుంచి రావాలి? కొంత బరువులో వస్తుంది. 2518 అన్న పేరులో 25 అంటే బండి, సరుకు కలిపి 25 టన్నులు, 18 అంటే 180 హార్స్‌పవర్. కేంద్రం 2018 జూలైలో యాక్సిల్ (చక్రాల ఇరుసు) బరువు పరిమితి పెంచిన తరువాత అదే పది టైర్ల బండి 28 టన్నుల మోడలుగా వస్తోంది. అంటే ట్రిప్పుకు మూడు టన్నుల కిరాయి అదనం. నెలకు పన్నెండు ట్రిప్పులైతే 36 టన్నులు, దాన్ని మీకు టన్నుకు ఇచ్చే కిరాయితో హెచ్చవేసుకోండి. మరికొంత రిపేర్లలో మిగులుతుంది. ఈ రెండూ కలిపితే కాగితం మీద కిస్తీకి దాదాపు సరిపోతుందని ఒప్పుకుంటాను. షోరూంలో మీకు చూపించిన లెక్క కూడా ఇదే అయి ఉంటుంది, అందులో అబద్ధమేమీ లేదు.

కానీ ఆ లెక్క పన్నెండు నెలలూ ఆరు వేల కిలోమీటర్లు తిరుగుతాయన్న నమ్మకం మీద నిలబడింది. వానాకాలంలో సిమెంటు లోడింగు ఎలా పడిపోతుందో మీరు నాన్నగారి దగ్గరే చూసి ఉంటారు. ఫ్యాక్టరీ గేటు బయట మూడు రోజులు వరుసలో నిలబడిన వారాలు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. పాత బండి ఖర్చు చక్రంతో పాటు తిరుగుతుంది, చక్రం ఆగితే చాలావరకు ఖర్చూ ఆగుతుంది. త్రైమాసికం మొదలు కాకముందే బండి తిప్పడం లేదని ఆర్టీఓకు స్టాపేజీ రాసి ఇస్తే పన్ను కూడా తప్పుతుంది. కొత్త బండి కిస్తీకి వానాకాలం తెలియదు. మా బజారులోనే ఒకాయన రెండు బండ్లు ఒకేసారి ఫైనాన్సులో తీసుకుని, ఒక జూలై, ఆగస్టు దాటలేక రెండింటినీ ఫైనాన్సు కంపెనీ సీజింగు వారికి అప్పగించాడు. ఆయన డ్రైవింగు తెలియనివాడు కాదు, మా అందరికంటే మంచి డ్రైవరు.

మీ పనికి సంబంధించి ఇంకొక విషయం ఉంది, దీన్ని అమ్మేవారు చెప్పరు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసిని బండి తనకు తానే బాగా వేడి చేసి కాల్చుకుంటుంది. జాతీయ రహదారి మీద లోడుతో గంటల తరబడి ఒకే వేగంతో పోయే బండికి ఈ పని తెలియకుండానే జరిగిపోతుంది. అదే బండి గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా అంగుళం అంగుళం జరుగుతూ, ఖాళీగా వచ్చి మళ్లీ వరుసలో నిలబడితే సైలెన్సరు వేడెక్కదు, మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అప్పుడు బండిని ఒక పక్కన ఆపి, మీట నొక్కి, అది కాల్చుకునేంత వరకు కదలకుండా ఉండాలి. వెనుక బండి హారన్ కొడుతుంటే ఏ డ్రైవరు ఉంటాడు? మధ్యలో ఆపేస్తాడు. ఇలా నాలుగైదు సార్లు జరిగితే బండి లాగడం మానేస్తుంది. అంటే మీలాంటి దగ్గర లైనుకు, వరుసల్లో నిలబడే పనికి కొత్త బండి అంతగా పొసగదు. దూరపు లైనుకు మాత్రం దానికి సాటి లేదు.

నా సొంత తప్పు కూడా ఒకటి చెప్పాలి. 2022లో నా కొత్త బండి కర్నూలు నుంచి వస్తూ పెబ్బేరు దాటిన తరువాత ఒక్కసారిగా వేగం తగ్గిపోయింది. యాక్సిలరేటరు నేలకు తొక్కినా ఇరవై దాటడం లేదని డ్రైవరు ఫోను చేశాడు. కొత్తకోట దగ్గర దాబా పక్కన నిలబెట్టించాను. మరుసటి రోజు సర్వీసు వ్యాను వచ్చి, ల్యాప్‌టాప్ తగిలించి చూసి, డీఈఎఫ్ నాణ్యత బాగా లేదని తేల్చింది. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి, మిగిలినది శుద్ధి చేసిన నీరు. మేము పోసినది రోడ్డు పక్కన కొన్న బకెట్టు. బకెట్టుకు మూడు వందలు కలిసి వస్తాయని అది కొనమన్నవాడిని నేనే. ట్యాంకు కడిగి, సెన్సరు, దానిని చిమ్మే నాజిల్ మార్చేసరికి మూడు రోజులు, 70 వేల పైన అయింది. అదే చోట నా పాత బండి ఆగి ఉంటే జడ్చర్ల నుంచి ఒక మేస్త్రీ స్కూటరు మీద వచ్చి, డీజిల్ పైపు విప్పి, చేతి పంపు కొట్టి, గాలి తీసి పంపించేవాడు. పాత బండి తరచుగా ఆగుతుంది, త్వరగా లేస్తుంది. కొత్త బండి అరుదుగా ఆగుతుంది, ఆగితే ల్యాప్‌టాప్ ఉన్నవాడు వచ్చేదాకా లేవదు.

ఇప్పుడు మీ బండి దగ్గరకు వద్దాం. షెడ్డువారు ఇంజన్ దించాలన్నారని వెంటనే దించవద్దు. ముందు ఒక ఉదయం, రాత్రంతా నిలబడి చల్లబడిన ఇంజన్ మీద ఈ పరీక్షలు మీరే చేయండి. మీరు చూడకముందే ఎవరైనా ఇంజన్ స్టార్ట్ చేసి వేడి చేస్తే పరీక్ష పనికిరాదు, అందుకని ముందు పొగ బయటికి పోయే మానిఫోల్డు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. తరువాత డిప్ స్టిక్ తీసి ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్దండి. నల్లగా ఉండటం తప్పు కాదు, డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లగానే ఉంటుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నాయి, అది హెడ్ గ్యాస్కెట్టు గాని, లైనర్ల (పిస్టన్లు ఆడే గొట్టాల) కింద రబ్బరు రింగులు గాని. వేళ్ల మధ్య పలచగా జారి డీజిల్ వాసన కొడితే డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతున్నాయి. ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే రంధ్రం మూత తీసి, ఆ రంధ్రం మీదే తలకిందులుగా పెట్టండి. మూత అక్కడే కొద్దిగా వణుకుతూ కూర్చుంటే మంచిదే. ఎగిరి పడినా, ఆ రంధ్రం నుంచి రైలు పొగలా ఆవిరి తన్నినా అది బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోయాయి. అప్పుడు ఇంజన్ పని తప్పదు.

ఆ తరువాత పొగ రంగు చూడండి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో, డీజిల్ పంపు, నాజిళ్లు వరుసగా చూడాలి, వీటిలో దేనికీ ఇంజన్ దించనక్కర లేదు. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది, కానీ అది రింగుల నుంచే వస్తోందని తొందరపడి తేల్చవద్దు. టర్బో సీలు పోయినా ఆయిల్ ఇంజన్‌లోకి వెళ్లి అలాగే కాలుతుంది. టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గాలి పైపు విప్పి లోపల వేలు పెట్టండి. వేలికి పలచని జిడ్డు మాత్రమే అంటితే పరవాలేదు, ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బోను అనుమానించండి. నా మూడు బండ్లలో ఒకదానికి సరిగ్గా మీరు చెప్పిన జబ్బే వచ్చింది, అంతే ఆయిల్ తాగేది, అలాగే లాగేది కాదు. రెండు లక్షల ఇంజన్ పనికి సిద్ధపడి డబ్బు కూడా అప్పు తెచ్చాను. ముసలి మేస్త్రీ ఒకాయన ఆ పైపు విప్పి చూపించాడు. టర్బో బాగు చేయించి, పంపు, నాజిళ్లు కాలిబ్రేషన్ చేయించే సరికి 40 వేల లోపే అయిపోయింది. ఆ బండి ఆ తరువాత ఆరేళ్లుగా అదే ఇంజన్‌తో తిరుగుతోంది. మీది కూడా అదే అవుతుందని నేను హామీ ఇవ్వలేను, కానీ చూడకుండా దించితే మాత్రం ఎప్పటికీ తెలియదు.

ఇంజన్ కంటే నేను ఎక్కువ భయపడేది ఛాసిస్‌కు, అంటే బండిని మోసే ఇనుప చట్రానికి. ఇంజన్ ఎన్నిసార్లయినా చేయవచ్చు, గేర్ బాక్సు, హౌసింగు, క్లచ్చు అన్నీ మార్చవచ్చు. ఛాసిస్ పగిలితే ఆ బండి పని అయిపోయినట్టే. బాడీ కింద దూరి, టార్చిలైటుతో వెనుక కమాన్ పట్టీల బ్రాకెట్ల చుట్టూ, అడ్డ దూలాల రివెట్ల చుట్టూ చూడండి. రివెట్టు కింది నుంచి ఎర్రటి తుప్పు కన్నీటి చారలా కారి ఉంటే అక్కడ కదలిక ఉంది. బండి అంతా పాత రంగులో ఉండి ఛాసిస్ మీద ఒక మూర మేర మాత్రం కొత్త నల్ల రంగు మెరుస్తుంటే, దాని కింద వెల్డింగు ఉందని నేను ముందే అనుకుంటాను. సిమెంటు తోలిన బండికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే రాలిన సిమెంటు వానకు తడిసి మూలల్లో గట్టిపడి, దాని వెనుక తేమ నిలిచి ఇనుమును తింటుంది. మీ ఛాసిస్‌లో ఇలాంటి పగులు కనిపిస్తే పైన చెప్పినదంతా పక్కన పెట్టి, ఇంజన్ మీద ఒక్క రూపాయి పెట్టకుండా బండిని అమ్మేయండి.

ఛాసిస్ బాగుంటే, బండికి అప్పు లేదన్న మాటను మాత్రం మనసులోంచి తీసేయండి. పాత బండికీ కిస్తీ ఉంటుంది, అది బ్యాంకుకు కాక షెడ్డుకు కడతాం. నేను ఒక్కొక్క పాత బండి పేరున నెలకు 25 వేలు వేరే ఖాతాలో వేస్తాను, రిపేరు ఉన్నా లేకపోయినా. ఏ నెలలో ఏమీ ఖర్చు కాకపోతే అది మిగులు కాదు, వచ్చే నెల క్లచ్ ప్లేటు. పాత బండ్లతో దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది రిపేర్ల వల్ల దెబ్బతినలేదు, మంచి నెలల డబ్బును ఇంట్లో వాడేసుకుని, వెనుక ఇరుసులోని క్రౌన్ పినియన్ విరిగిన నెలలో మూడు రూపాయల వడ్డీకి తెచ్చి దెబ్బతిన్నారు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఓవర్‌లోడు ఎత్తడం రెండో తప్పు. 2019 సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు జరిమానా. పట్టుబడకపోయినా ఆ బరువు ఛాసిస్ నుంచి, టైర్ల నుంచి వసూలు చేసుకుంటుంది.

ఇక 2027 సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 88వ నిబంధన ప్రకారం రెండు యాక్సిళ్ల బండికి 12 ఏళ్లు, అంతకంటే ఎక్కువ యాక్సిళ్లున్న బండికి 15 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు. మీది మూడు యాక్సిళ్ల బండి కాబట్టి 2027 దాకా ఉంటుంది, ఆర్‌సీలో తేదీ చూసుకోండి. ఆ తరువాత మీ తమిళనాడు బియ్యం ట్రిప్పులు ఆగిపోయినట్టే లెక్క. ఎనిమిదేళ్లు దాటిన బండిగా ఇప్పటికే ఏటా ఫిట్‌నెస్ చేయిస్తూ ఉంటారు. 15 ఏళ్లు దాటిన భారీ బండికి ఆ రుసుమే 2022 ఏప్రిల్‌లో 12,500 రూపాయలకు పెరిగింది. అప్పటి నుంచి ఈ రుసుములు పైకే పోతున్నాయి కాబట్టి కార్యాలయంలో ఇప్పటి మొత్తం కనుక్కోండి. గ్రీన్ టాక్సు దీనికి అదనం. థర్డ్ పార్టీ బీమాకు మాత్రం పాత, కొత్త తేడా లేదు, అది బరువును బట్టి ఉంటుంది. 20 నుంచి 40 టన్నుల మధ్య బండికి 2022 జూన్‌లో నిర్ణయించిన మొత్తం 43,950 రూపాయలు.

పాత బండికి డ్రైవరు దొరకడం కూడా కష్టమవుతోంది. మీరే నడుపుతున్నంత కాలం ఈ చిక్కు మీకు లేదు. కానీ రేపు మీకు జ్వరం వస్తే, బదులు డ్రైవరుగా వచ్చే కుర్రవాడు మొదట అడిగేది కేబిన్‌లో ఏసీ ఉందా అని. 2025 అక్టోబరు 1 తరువాత తయారైన బండ్లకు అది తప్పనిసరి కూడా అయింది.

2027లో తీసుకునే బండి కొత్తదా, నాలుగైదేళ్లు తిరిగిందా అన్నది అప్పటి మీ కిలోమీటర్లను బట్టి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి తిరిగిన బండ్ల ధరలు కూడా దిగాలి. పాత ధర పట్టుకుని కూర్చున్నవారి దగ్గర కొనవద్దు. తిరిగిన బీఎస్-6 బండి కొనేటప్పుడు పైన చెప్పిన పరీక్షలతో పాటు, డబ్బు కట్టి సర్వీసు సెంటరులో ల్యాప్‌టాప్ తగిలించి డీపీఎఫ్‌లో ఎంత మసి ఉందో, పాత తప్పులేమి నమోదయ్యాయో చూడండి. ఆ ఫిల్టరును కోసి తీసేసి, లోపల ఖాళీ చేసి అమ్మే బండ్లు కూడా ఉన్నాయి. అవి ధర తక్కువని మోజు పడవద్దు.

అప్పు మాట్లాడేటప్పుడు ఒక్కటే అడగండి, వడ్డీ ఫ్లాటా (చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదనా), తగ్గే బాకీ మీదనా అని. ఐదేళ్లకు 8 శాతం ఫ్లాటు అంటే వినడానికి చవకగా ఉంటుంది, అసలు లెక్కలో అది 14 శాతం దాటుతుంది. నా మొదటి బండికి ఈ తేడా తెలియక సంతకం పెట్టాను.

చివరగా, ఇంజన్ పనికి బదులు ఆటోనగర్‌లో రెడీమేడ్ ఇంజన్ తెచ్చి ఎక్కించవచ్చా అని అడిగారు. ఎక్కించవచ్చు, రెండు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. కానీ ఆ ఇంజన్ ఏ బండిదో, ఆ బండి ఏమైందో చెప్పే కాగితం, కొన్న బిల్లు లేకుండా తీసుకోవద్దు. ఆర్టీఓలో దరఖాస్తు పెట్టి కొత్త ఇంజన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించుకున్న తరువాతే లోడు ఎత్తండి. నంబరు కలవని బండి ప్రమాదంలో ఇరుక్కుంటే బీమా వారికి చేతులెత్తేయడానికి అంతకు మించిన కారణం అక్కర లేదు. లైనర్లు, రింగులదే తప్పని పరీక్షలో తేలితే, నేనైతే మీ సొంత ఇంజన్‌నే దించి, క్రాంకును లేతు మీద కొలిపించి, నా కళ్ల ముందే బిగించే మేస్త్రీ దగ్గర పది రోజులు కూర్చుంటాను.